గౌటుకి ఏళ్ళ తరబడి మాత్ర వేసుకోవాలా? పథ్యం చాలదా?

గుణుపురం కుర్రోడు:
నాన్నకి యాభై ఎనిమిదేళ్ళు, గౌటు (యూరిక్ యాసిడ్ కీళ్ళలో చేరి వచ్చే వాపు జబ్బు). కుడికాలి బొటనవేలు మొదట్లో రాత్రికి రాత్రి ఎర్రగా వాచిపోతుంది, దుప్పటి అంచు తగిలినా కేక పెడతారు. ఏడాదిలో మళ్ళీ మళ్ళీ తిరగబెడుతోంది. యూరిక్ యాసిడ్ 9.2. విశాఖలో చూపిస్తే డాక్టరుగారు దాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ 100 రాసి, ఏళ్ళ తరబడి వాడాలి, మధ్యలో మానొద్దు అన్నారు. ఇంటికొచ్చాక మా మేనత్త రాజ్యం మొదలైంది. కందిపప్పు బంద్, టమాటా బంద్, పాలకూర బంద్. ఆదివారం ఎండు నెత్తళ్ళ పులుసు మాత్రం నడుస్తోంది, "ఏలెడు చేప, దాంతో ఏటవుద్ది" అంటుంది. వీధిలో అందరిదీ ఒకటే మాట: ఆ మాత్ర మొదలెడితే కిడ్నీలు పోతాయి, పథ్యం చేస్తే చాలని. ఎవరి మాట వినాలి?

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, నేను ఆ మాత్ర ముట్టకుండానే ఉన్నాను. నాకూ బొటనవేలికే వచ్చింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో మాంసం తగ్గించాను, రాత్రి అన్నం మానేసి ఒళ్ళు తగ్గాను, పొద్దున్నే మహేంద్రతనయ గట్టు మీద నడక. మళ్ళీ రాలేదు. రిపోర్టులో 7.3 ఉంది, ఉండనీ. వైద్యం అంకెకా, మనిషికా? మా ఇంట్లో ఇప్పటికే బీపీకొకటి, షుగరుకొకటి. దానికి తోడు ఇంకోటి, అదీ చచ్చేదాకా! పొద్దున తిప్పతీగ కషాయం తాగించండి చాలు.

రాయగడ మందులషాపు:
నేను డాక్టర్ని కాను, కానీ ఈ బిళ్ళలు రోజూ అమ్మేవాణ్ణి. గుణుపురం తమ్ముడూ, ముందు లెక్క చూడు. రక్తంలో యూరేటు, అంటే ఈ యూరిక్ యాసిడే, డెసిలీటరుకి 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరిగి ఉండలేదు, కీళ్ళలో సూదుల్లాంటి స్ఫటికాలు కడుతుంది. ఒంట్లో చివర్లు చల్లగా ఉంటాయి కాబట్టి బొటనవేలే ముందు దొరుకుతుంది. కరగాలంటే 6 కిందకి దించి అక్కడే ఉంచాలి. ఎంత కఠినంగా పథ్యం చేసినా దిగేది సుమారు 1. అంటే మీ నాన్నగారి 9.2 కాస్తా 8.2 అవుతుంది. మరి స్ఫటికం ఎలా కరుగుతుంది? యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం మనం తిన్నదాంట్లోంచి కాదు, ఒంట్లో కణాలు పాతబడి విడిపోతే వచ్చేది. చాలామందికి అసలు తంటా కిడ్నీ దాన్ని సరిగ్గా బయటికి పంపకపోవడం. పప్పు మానితే కిడ్నీ పనితీరు మారదు కదా.

పప్పు సంగతి మేనత్తగారికి చెప్పు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 47,150 మంది మగవాళ్ళని పన్నెండేళ్ళు గమనించారు. మాంసం, సముద్రపు చేపలూ రొయ్యలూ ఎక్కువ తిన్నవాళ్ళకి గౌటు ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఎక్కువున్న కాయగూరలు తిన్నవాళ్ళకి అలా రాలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు వాడినవాళ్ళకి తగ్గింది కూడా. మీ ఇంట్లో పప్పుని వెలేసి నెత్తళ్ళకి పీట వేశారు. ఆ ఏలెడు చేపలోనే ప్యూరిన్లు దండిగా ఉంటాయి, ఎండబెడితే నీరు పోయి ఇంకా చిక్కబడతాయి.

కిడ్నీల మాట. అల్లోప్యూరినాల్‌కి 1966లో అమెరికాలో గౌటు కోసం అనుమతి వచ్చింది, అంటే నా కంటే పాతది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి 50తో మొదలెట్టి మెల్లగా పెంచుతారు. నిజంగా కిడ్నీని తినేది ఎవరికీ చెప్పకుండా నా కౌంటరు దగ్గరికొచ్చి వారాల తరబడి కొనుక్కుపోయే నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్ అడిగినప్పుడు ఎవరూ కిడ్నీ సంగతి అడగరు!

ఇంకోటి. నాన్నగారి బీపీ మాత్ర పట్టీ మీద పేరు చివర 'హెచ్' ఉందేమో చూడు. ఉంటే అందులో సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. అది యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. నువ్వు మానిపించకు, డాక్టరుగారికి చూపించు.

జయపురం టీచరమ్మ:
అన్నయ్యా, మా ఆయనకి ఆ మాత్ర మొదలెట్టిన రెండోవారంలోనే మడమ దగ్గర వాచి మంచం పట్టారు. తగ్గించే మందు నొప్పి తెప్పించడమేమిటి? విసుగొచ్చి ఒగ్గేశాం.

రాయగడ మందులషాపు:
టీచరమ్మా, ఇది ఆ మందు పని మొదలెట్టిన గుర్తు. పాత స్ఫటికాలు కరిగి కదులుతుంటే కీలు రేగుతుంది. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు కీలు రేగకుండా తక్కువ మోతాదులో కోల్చిసిన్ అనే మందు కలిపి ఇస్తారు. మీకు ఆ రెండోది రాయలేదో, రాసినా మీరు కొనలేదో చీటీ చూసుకోండి. నొప్పి వచ్చిందని అల్లోప్యూరినాల్ ఆపకూడదు. కానీ ఒంటి మీద దద్దుర్లు కనబడితే వెంటనే ఆపాలి, వాటితో జ్వరం, నోట్లో పుళ్ళు కూడా ఉంటే మరీ. అరుదు, కానీ వస్తే ప్రాణాపాయం. ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా చూడకూడదు.

మల్కనగిరి కాంట్రాక్టు:
ఇంత గొడవెందుకు గురూ. మా దగ్గర సంతలో ఒకాయన అడవినాభి దుంప అరగదీసి ఇస్తాడు. రాత్రి వేసుకుంటే పొద్దుటికి నడుస్తారు. నా కళ్ళతో చూశాను.

రాయగడ మందులషాపు:
నడుస్తారు, నిజమే. ఎందుకంటే ఆ దుంపలో ఉన్నది కోల్చిసినే. మా షాపులో పట్టీ మీద అరమిల్లీగ్రాము అని అచ్చేసి ఉంటుంది. దుంపలో ఎంతుందో అమ్మేవాడికీ తెలీదు, తినేవాడికీ తెలీదు. మోతాదు మించితే ముందు వాంతులు, విరేచనాలు, తర్వాత రక్తం, గుండె దెబ్బతింటాయి. దానికి మామూలుగా దొరికే విరుగుడు లేదు. ఆ దుంప తిని చనిపోయినవాళ్ళున్నారు. దయచేసి ఇక్కడ ఎవరికీ చెప్పకండి. పేరు లేని నల్ల గోలీలు కూడా అంతే, కొన్నింట్లో స్టెరాయిడు కలుపుతారు. నొప్పి పోతుంది, మొహం ఉబ్బుతుంది, షుగరు ఎగబాకుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
దుంప సంగతి ఒప్పుకున్నాను, అది వద్దు. తిప్పతీగనీ అదే గాటన కట్టేస్తారేమో అని భయంగా ఉంది.

బరంపురం బజారు:
మాస్టారూ, తిప్పతీగ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది వేరే తగువు. వాడేవాళ్ళు కామెర్లు కనబడితే మాత్రం ఆపాలి.
నాదో సందేహం. బీరు మానేశాను. జీలుగు కల్లు, ఇప్పసారా సంగతేంటి? అవి చెట్టు సరుకు కదా.

రాయగడ మందులషాపు:
చెట్టుదైనా ఫ్యాక్టరీదైనా ఆల్కహాలు ఆల్కహాలే. ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారీని పెంచుతుంది, కిడ్నీ పంపేదాన్ని అడ్డుకుంటుంది. బీరులో అదనంగా ప్యూరిన్లు కూడా ఉంటాయి, అంతే తేడా. తాగుడు మానేసి పెళ్ళిలో రంగు కూల్‌డ్రింకులు రెండేసి తాగేవాళ్ళనీ చూస్తున్నాను. చక్కెరలోని ఫ్రక్టోజు కూడా దీన్ని పెంచుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
అన్నీ చెప్పారు, నా ప్రశ్నకి జవాబు రాలేదు. మా అబ్బాయి చదివి చెప్పాడు: 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళే, మొదటిసారి వచ్చినవాళ్ళకీ, అరుదుగా వచ్చేవాళ్ళకీ ఈ మాత్ర మొదలెట్టొద్దన్నారు. అంకెని వెంటాడటానికి ఆధారాలు చాలవని కూడా అన్నారు. దీనికేమంటారు?

రాయగడ మందులషాపు:
మీ అబ్బాయి సరిగ్గానే చదివాడు. కీళ్ళ వైద్యుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, 2020లో దానికి ఎదురు చెప్పింది: 6 కిందకి దించేదాకా మోతాదు పెంచమని. ఆ తగువు వాళ్ళ మధ్య ఇంకా ఉంది. కానీ ఏడాదిలో రెండుమూడుసార్లు పడిపోయేవాడికీ, చెవి మీదో మోచేతి మీదో గడ్డలు కట్టినవాడికీ, కీలు అరిగినవాడికీ మాత్ర కావాలనే 2020లో గట్టిగా చెప్పారు. ఒక్కసారి వచ్చి పోయిన మీకు అక్కర్లేదని నేనూ అంటాను మాస్టారూ. మీ అనుభవం తీసుకెళ్ళి ఆ కుర్రోడి నాన్నకి వేస్తున్నారు, అక్కడే నాకు పేచీ.

పర్లాకిమిడి మాస్టారు:
సరే, ఆయనకి కావాలేమో. కానీ "చచ్చేదాకా" అన్నమాట నాకింకా మింగుడుపడటం లేదు. రెండేళ్ళు బాగుంటే ఆపి చూడకూడదా?

రాయగడ మందులషాపు:
ఆపితే అంకె వారాల్లో పాత చోటికే వచ్చేస్తుంది. నొప్పి వెంటనే రాకపోవచ్చు, అందుకే జనం మోసపోతారు.

గుణుపురం కుర్రోడు:
బీపీ పట్టీ చూశాను, చివర హెచ్ ఉంది. ఫోటో తీసి డాక్టరుగారికి పంపాను. ఇప్పుడు వాపు ఉంది కదా, ఈ వారమే మళ్ళీ రక్తపరీక్ష చేయించనా?

రాయగడ మందులషాపు:
ఇప్పుడొద్దు. వాపు ఉన్నప్పుడు కొందరికి అంకె మామూలుగానే కనబడుతుంది, అది చూసి గౌటు కాదనుకుంటారు. నొప్పి పూర్తిగా పోయాక రెండు వారాలాగి చేయించు. యూరిక్ యాసిడ్‌తో పాటు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా రాయించుకో.

జయపురం టీచరమ్మ:
చీటీ దొరికింది. రెండోది రాశారు, మేమే కొనలేదు. రేపు డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.