సమస్య: "తిట్టి పెట్టిన పేరుకే పట్టమయ్యె"

నిర్వాహకుడు:
మా అమ్మాయి ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. అక్కడి ఆటగాళ్లను 'బాయిలర్‌మేకర్స్', అంటే ఆవిరి బాయిలర్లు చేసేవాళ్లు, అంటారు. ఆ పేరెలా వచ్చిందో నిన్న ఫోనులో చెప్పింది, రాత్రంతా నన్ను వదల్లేదు. 1891లో పర్డ్యూ కుర్రాళ్లు క్రాఫర్డ్స్‌విల్ వెళ్లి వాబాష్ కాలేజీని ఫుట్‌బాల్‌లో 44-0తో చిత్తు చేశారు. ఆ ఊరి పత్రిక "అమాయకుల ఊచకోత" అని శీర్షిక పెట్టి, గెలిచినవాళ్లను దుక్కల్లాంటి బాయిలర్ పనివాళ్లంది. పర్డ్యూవాళ్లకు ఆ పేరే నచ్చింది. ఇక పూరించండి.

ఏకశిల:
కమ్మరులు మీరు, బాయిలర్ కార్మికులని
యోడి కుములుచు నూరివా రోర్వలేక
పత్రికను వ్రాయ నా మాట పరువు నిచ్చె;
తిట్టి పెట్టిన పేరుకే పట్టమయ్యె.

నిర్వాహకుడు:
ఏకశిల గారూ, మొదటి పాదమే పద్యాన్ని ఎత్తి నిలబెట్టింది. అభినందనలు.

పాలకొల్లు సీత:
అన్నగారూ, పద్యం బాగుంది. 'బాయిలర్' అని పొల్లుతో ఆపడం మాత్రం చెవికి తగులుతోంది. తెలుగు చేసి 'బాయిలరు' అందామంటే గణం చెడుతుంది, నిజమే. అన్యదేశ్యం కనుక ఒప్పుకుంటున్నాను.

గోదారి గట్టు:
నలుబదియు నాల్గు సున్నకు నలిగినారు
వాబషీయులు, నెగ్గిన వారి జూచి
రైలు షెడ్డున గూలికి రప్పించిరనిరి;
తిట్టి పెట్టిన పేరుకే పట్టమయ్యె.

ఏకశిల:
మాస్టారూ, స్కోరును పాదంలో ఇమిడ్చిన తీరు నాకు చేతకాదు, ఒప్పుకుంటాను. కానీ మూడో పాదంలో నాలుగో గణం చూడండి. 'రప్పిం' రెండూ గురువులే. సంక్రాంతి సమస్యకు నేను ణకారానికి నకారంతో యతి వేస్తే మూడు రోజులు నన్ను వదలని మీరు, ఇది ఎలా వదిలేశారు?

గోదారి గట్టు:
గణం తప్పింది, సవరిస్తున్నాను:
"రైలు షెడ్డుల పనివారి రాక యనిరి"
సంక్రాంతి మాటకు వస్తే, న-ణలకు యతి చెల్లుతుందని ఆ తర్వాత పుస్తకం తిరగేసి తెలుసుకున్నాను. అప్పుడే చెప్పవలసింది. ఇప్పుడు చెబుతున్నాను ఏకశిల గారూ, ఆ పూరణ నిర్దోషం.

పాలకొల్లు సీత:
మాస్టారి 'రైలు షెడ్డు' వట్టి కల్పన కాదు. పర్డ్యూ పక్క ఊరు లాఫయెట్‌లో మోనాన్ రైల్వే కార్ఖానా ఉండేది. అక్కడి పనివాళ్లనే జట్టులోకి తెచ్చారని ఒక పుకారు. పర్డ్యూ తన ప్రయోగశాలకు నిజం రైలింజను కొన్నదీ 1891లోనే. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే బడి కనుక చుట్టుపక్కల కాలేజీలవాళ్లు అంతకుముందు నుంచే గుమ్మడికాయలు ఒలిచేవాళ్లనీ, మొక్కజొన్న చేల నావికులనీ, కమ్మరులనీ ఎగతాళి చేసేవారు. అన్నిట్లోకీ బాయిలర్ పేరే నిలిచింది. 1940 నుంచి 'బాయిలర్‌మేకర్ స్పెషల్' అనే ఇంజను బండి ఆ విశ్వవిద్యాలయానికి గుర్తుగా ఊళ్లో తిరుగుతోంది. చేతిపనిని చిన్నచూపు చూసినవాళ్లకు ఇంతకన్నా జవాబేముంటుంది?

నిర్వాహకుడు:
సవరణ స్వీకరించాను. సీతమ్మా, ఇంత తెలిసి నీ పూరణ ఏదమ్మా?

పాలకొల్లు సీత:
రాత్రికి పంపుతాను బాబాయ్ గారూ.

గోదారి గట్టు:
సీతమ్మ రాసిన 'కమ్మరులు' దగ్గర ఆగిపోయాను. మా నాన్నగారిది కొలిమి పని. నాగలి కర్రులు సాగగొట్టేవారు. ఇంకొకటి రాశాను:

"కొలిమి యబ్బాయి వీడని" గోల సేయు
బడిని జదివితి, నీనాడు పండితుడుగ
తండ్రి పాదాల నంటితి దండ మిడుచు;
తిట్టి పెట్టిన పేరుకే పట్టమయ్యె.

నిర్వాహకుడు:
మాస్టారూ, ఇండియానా నుంచి మన ఊరి కొలిమికి తెచ్చారు. 

ఏకశిల:
మాస్టారూ, ఇన్నేళ్ల పరిచయంలో ఈ సంగతి నాకు తెలియదు. మేమంతా పట్టాన్ని కిరీటమనే అనుకున్నాం. మీరు దాన్ని పట్టభద్రుడి పట్టం చేశారు. నా పద్యంలో ఆ ఆలోచనే లేదు. 'కొ'కు 'గో', 'తం'కు 'దం', యతులన్నీ చూశాను. వేలు పెట్టడానికి చోటు లేదు. ఒక్కటి అడుగుతాను: నాన్నగారు ఈ పద్యం విన్నారా?

గోదారి గట్టు:
ఇందాకే చదివి వినిపించాను. ఆయనకు తొంభై దాటాయి, చెవి సరిగా వినిపించదు. రెండోసారి గట్టిగా చదివించుకున్నారు.