బాపుకి 67, తమ్ముడికి 32: ముందు ఎవరితో మందు మాన్పించాలి?

కరీంనగర్ అక్క

మా ఇంట్లో రెండు వారాలుగా ఒకటే గొడవ. మీ ముందు పెడుతున్నాను, తెలిసినవాళ్ళు చెప్పండి. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మా బాపుకి 67 ఏళ్ళు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఐదేళ్ళుగా రోజూ రాత్రి ఒక క్వార్టర్. ఏడున్నరకు మొదలుపెడతారు, తొమ్మిదికి అన్నం తిని పడుకుంటారు. ఒక్కనాడు రోడ్డు మీద పడింది లేదు, ఎవరినీ ఒక మాట అన్నది లేదు. అందుకే ఊళ్ళో ఆయన్ని తాగుబోతు అని ఎవరూ అనరు.

తమ్ముడికి 32. ఇరవై ఏళ్ళప్పుడు దోస్తులతో బీరు. లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయాక అది రోజువారీ అయింది. గత ఏడాది నుంచి పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, ఒక పెగ్గు పడితే గానీ బ్రష్ పట్టుకోలేడు. సంక్రాంతి తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లకు పసరు పోస్తారని ఒక ఊరికి తీసుకెళ్ళారు, పది రోజులు అక్కడే పోయాయి. ఆస్పత్రిలో చేర్చేసరికి బిలిరుబిన్, అంటే కామెర్లను చూపే అంకె, 16. పొట్టలో నీరు. పదకొండు రోజులుంచి పంపారు. వాడి సాక్సులు తీస్తుంటే చీలమండ పైన నా వేలు ఆనిన చోటల్లా గుంట పడింది, పడి అలాగే ఉండిపోయింది. ముప్పై రెండేళ్ళవాడి కాలు అలా ఉంటుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు చిన్నాన్న అంటాడు, "వాడిది ఉడుకు రక్తం, లివర్ మళ్ళ పెరుగుతది. అన్నను జర చూస్కోండి, ముసలి పానం." అమ్మ దానికి పూర్తిగా ఎదురు. "మీ బాపుకేమైంది? గిన్నేండ్లు తాగిండు, ఏమన్న అయిందా? పోరన్ని కాపాడుకో."

పోయిన నెల క్యాంపులో బాపుకి చేసిన పరీక్షలు ఇవి, మొదటి రెండూ లివర్ ఎంజైములు: ఎస్‌జీఓటీ 64, ఎస్‌జీపీటీ 31, బిలిరుబిన్ 1.1, ప్లేట్‌లెట్లు 1.32 లక్షలు. "పెద్దగా ఏం లేదు" అని రాసిచ్చారు.

మాకున్న డబ్బూ సెలవులూ ఒకరికే సరిపోతాయి. ఎవరి మీద పెట్టాలి? 67 ఏళ్ళ మనిషితో ఇప్పుడు మాన్పించడం అవసరమా?

గోదావరి మాస్టారు

అమ్మా, పెద్దాయన్ని వదిలేయమనే నా సలహా. ఊరికే అనడం లేదు. మా అన్నయ్యకి 71 ఏళ్ళప్పుడు కొడుకులిద్దరూ కలిసి ఒక్కరోజులో మాన్పించారు. గదిలో పెట్టి బయట గడియ వేశారు. రెండో రోజు ఒళ్ళంతా చెమటలు, మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని దుప్పటితో దులపడం మొదలెట్టాడు. చీమల్లేవు. ఆ దులపడంలోనే మంచం మీంచి పడి తుంటి ఎముక విరిగింది. మళ్ళీ లేచి నడవలేదండి.

నలభై ఏళ్ళ అలవాటు ఒంట్లో భాగమైపోతుంది. దాన్ని పీకేస్తే మనిషే పోతాడు. రిపోర్టులు బాగానే ఉన్నాయంటున్నారు కదా, ఆయన్ని కదపకండి.

మొండి తమ్ముడు

మాస్టారు చెప్పిన దానికే నేనూ వస్తాను, కారణం వేరు. అక్కా, ఖర్చు పెట్టే స్తోమత ఒకరికే ఉంటే అది 32 ఏళ్ళ మనిషికే పెట్టాలి. వాడి ముందు ఇంకా నలభై ఏళ్ళ బతుకుంది. పెద్దాయన తన జీవితం చూశారు. ఇది కటువుగా ఉంటుందని తెలుసు, అయినా ఎవరో ఒకరు అనాలి.

నైట్ డ్యూటీ సిస్టర్

పన్నెండేళ్ళుగా లివర్ పేషెంట్ల వార్డులో ఉన్నాను. నేను డాక్టర్ని కాదు, చూసిందీ నేర్చుకున్నదీ చెబుతాను.

మాస్టారూ, మీ అన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ ఆయన్ని పడేసింది మందు మానడం కాదండి, వైద్యం లేకుండా మానడం. రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పవచ్చు, లేని పురుగులు కనిపించవచ్చు. ఇది ప్రాణం తీసే స్థితి, వయసు పైబడినవాళ్ళలో మరీ. ఆస్పత్రిలో అయితే మత్తు మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు. ముసలివాళ్ళకూ లివర్ చెడినవాళ్ళకూ ఒంట్లో ఎక్కువసేపు పేరుకోని రకం, లోరాజెపామ్ లాంటివి, ఎంచుకుంటారు. బీ1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్‌గా ఇస్తారు. గ్లూకోజు ఎక్కించే ముందే అది పడాలని మాకు మొదటి రోజే నేర్పుతారు. గదిలో పెట్టి గడియ వేయడం ఎవరికీ, ఏ వయసులోనూ చేయకండి. కల్లుకు అలవాటుపడ్డవాళ్ళకు కూడా. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం కలుపుతారు కాబట్టి ఆపినప్పుడు ఆ మత్తుబిళ్ళ లేని లోటు కూడా తోడవుతుంది.

ఇక అక్కా, మీ చిన్నాన్నగారి "ఉడుకు రక్తం" మాట. మీ తమ్ముడికి వచ్చింది మద్యం వల్ల వచ్చే హెపటైటిస్ (లివర్ వాపు) లాగే ఉంది. ఉబ్బిన లివర్ ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది. తీవ్రమైన రకమైతే మూడు నెలల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు పోతారు. వయసులో ఉన్నవాణ్ణని అది ఎవరినీ వదలదు. మా వార్డులో ఇప్పుడు ముప్పైల్లో ఉన్నవాళ్ళు నేను చేరినప్పటికంటే బాగా ఎక్కువ. ఖాళీ కడుపుతో తాగడం, ఒళ్ళు పెరగడం, షుగరు, అన్నీ కలిసి వస్తున్నాయి. అయితే వయసు పనికొచ్చే చోటు ఒకటుంది. ఈ గండం దాటి చుక్క ముట్టకుండా ఉంటే కోలుకునే సత్తా వాళ్ళ ఒంట్లో ఎక్కువ. ఆ కోలుకునే మాట నిజం కావాలంటే మొదటి మూడు నెలలు దాటాలి. "వయసుంది కదా" అని నిమ్మళంగా కూర్చుంటే దాటడు.

పెద్దాయన సంగతి వేరే. వయసుతో పాటు ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది. అదే క్వార్టర్, ముప్పైలో కంటే అరవై ఏడులో రక్తంలో ఎక్కువ మోతాదై కూర్చుంటుంది. లివర్ సైజూ, దానికి వెళ్ళే రక్తమూ తగ్గుతాయి. దానికి తోడు బీపీ మాత్ర, నిద్రమాత్ర, మోకాళ్ళ నొప్పి మాత్ర. రోజూ తాగేవాళ్ళకు పారాసిటమాల్ కూడా రోజుకు 2 గ్రాములు దాటనివ్వరు, 650 బిళ్ళలు మూడింటితోనే ఆ లెక్క నిండుతుంది. ఈ సంగతి ఇంట్లో ఎంతమందికి తెలుసు?

ల్యాబ్‌లో పదేళ్ళు

అందరూ బాపుగారి రిపోర్టు బాగుందనుకుని మాట్లాడుతున్నారు. అక్కా, ఆ రిపోర్టు బాగాలేదు. భయపెట్టాలని కాదు, లెక్క చూపిస్తాను.

ఎస్‌జీపీటీ వయసుతో పాటు తగ్గుతూ వస్తుంది. కాబట్టి పెద్దవాళ్ళలో అది 31 ఉందని ఊరట పడకూడదు. చూడాల్సింది ఎస్‌జీఓటీ దానికి ఎన్ని రెట్లు ఉందని. ఇక్కడ 64, 31. రెండు రెట్లు దాటింది. మద్యం వల్ల చెడే లివర్‌లో ఎక్కువగా కనిపించే వరస ఇదే.

రెండోది ప్లేట్‌లెట్లు. మామూలుగా 1.5 లక్షల పైన ఉండాలి. లివర్ గట్టిపడితే రక్తం దానిలోంచి సాఫీగా పోలేక వెనక్కి తంతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుంటాయి. మనవాళ్ళకు ప్లేట్‌లెట్లు అనగానే డెంగ్యూ ఒక్కటే గుర్తొస్తుంది.

మూడోది, ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. బాపుగారికి 67 × 64 = 4288. కింద 132 × 5.57, అంటే 735. జవాబు 5.8. అరవై ఐదు దాటినవాళ్ళలో 2 లోపు ఉంటే పెద్ద భయం లేదంటారు. 2.67 దాటితే లివర్ గట్టిపడిందేమో చూడాల్సిందే. మీ తమ్ముడికి మాత్రం ఈ లెక్క వేయకండి. 35 లోపు వయసుకు ఇది నమ్మదగ్గది కాదు, పైగా ఇలా కామెర్లతో ఉన్నప్పుడు అసలు పనికిరాదు.

ఇది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు. తర్వాతి పరీక్షకు పంపాలా వద్దా అని చెప్పేది మాత్రమే. అల్ట్రాసౌండ్, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించండి. ఫైబ్రోస్కాన్ చేసేవాళ్ళకు ఆయన రోజూ తాగుతున్న సంగతి ముందే చెప్పండి, తాగుతున్నప్పుడు లివర్ వాపు వల్ల అంకె పెరిగి కనిపిస్తుంది.

ఇంకొక లెక్క. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం మద్యం అయితే అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. రోజూ అంతకు మించి తాగేవాళ్ళలో నూటికి తొంభై మందికి లివర్‌లో కొవ్వు చేరుతుంది. సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడేదాకా వెళ్ళేది పది, ఇరవై మందే. ఆ మిగతావాళ్ళను చూసే మనవాళ్ళు "ఏమీ కాలేదు" అంటారు.

గోదావరి మాస్టారు

సిస్టర్ గారి మాట ఒప్పుకుంటున్నాను. గడియ వేయడం తప్పేనండి, అది మా ఇంటి తప్పు. కానీ ఒక్కటి అడుగుతాను. సిరోసిస్ ఉందని తేలిందే అనుకోండి, 67లో మానితే ఒరిగేదేమిటి? గట్టిపడిన లివర్ మెత్తబడుతుందా? ఆ రాత్రి క్వార్టర్ తప్ప ఆయనకి వేరే సరదా ఉందో లేదో మనకి తెలియదు. అది కూడా లెక్కలోకి రావాలి.

నైట్ డ్యూటీ సిస్టర్

రావాలండి, కాదనను. మచ్చలు కట్టిన లివర్ పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు. కానీ కొవ్వు దశలో ఉంటే కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. సిరోసిస్ ఉన్నా మానినవాళ్ళు మాననివాళ్ళకంటే ఎక్కువకాలం బతుకుతారు, ఆ బతుకూ మెరుగ్గా ఉంటుంది. పొట్టలో నీరు తీయించుకోవడానికి పది రోజులకోసారి వచ్చే పెద్దాయన్ని చూశాను. రక్తం కక్కుకుని అర్ధరాత్రి వచ్చినవాళ్ళను చూశాను. చేతులు చాచమంటే పక్షి రెక్కల్లా టపటపలాడుతుంటే, సొంత కూతురి పేరు అడిగితే నా ముఖం చూస్తూ ఉండిపోయిన ఆయన్ని చూశాను. అప్పటికి రాత్రి క్వార్టర్ సరదా కూడా మిగలదు మాస్టారూ.

మానేసి 14 నెలలు

నాకు 34. మీ తమ్ముడి మంచం మీద పడుకున్నవాణ్ణే అనుకోండి. బిలిరుబిన్ 11 దాకా వెళ్ళింది. అందరూ ఎవరి లివర్ ఎక్కువ చెడింది అని చూస్తున్నారు, నేను ఇంటి సంగతి చెబుతాను.

నేను డిశ్చార్జ్ అయి వచ్చిన మొదటి సాయంత్రం మా మేనమామ హాల్లో గ్లాసు పెట్టుకున్నాడు. నన్నేమీ తాగమనలేదు. సోడా మూత తీసిన చప్పుడు వచ్చింది, అంతే. నా నోట్లో నీళ్ళూరాయి. తలుపు వేసుకుని దిండు చెవులకు నొక్కుకున్నాను. మూడో వారం మళ్ళీ వైన్స్ ముందు నిలబడ్డాను. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక మా అమ్మ మామయ్యను వేరే ఇంటికి పంపేసింది. ఆయనకు కోపం వచ్చింది, ఏడాది మాట్లాడలేదు. నేను బతికున్నాను.

కాబట్టి అక్కా, ఇద్దరిలో ఒకరు అనే ప్రశ్నే మీ ఇంట్లో కుదరదు. ఏడున్నరకు మీ బాపు సీసా తీస్తే, పక్క గదిలో మీ తమ్ముడు ఎలా ఉంటాడు? బాపు కోసం కాకపోయినా వాడి కోసమైనా ఆ సీసా ఇంట్లోంచి పోవాలి. సిస్టర్ చెప్పినట్టు డాక్టర్ చేతుల మీదుగా పోవాలి.

ఖర్చు గురించి కూడా ఒక మాట. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటే అక్కడ అడగండి. జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ఫోనుకు డబ్బులు పడవు. నాకు దారి చూపింది ఆ నంబరే.

మొండి తమ్ముడు

ఇది నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క అనుమానం మాత్రం ఉంది. తమ్ముడికి లివర్ మార్పిడి అవసరమైతే? ఆరు నెలలు తాగకుండా ఉంటేనే లివర్ ఇస్తారట కదా. మూడు నెలల్లో పోయేవాణ్ణి ఆరు నెలలు ఆగమనడం ఏం న్యాయం?

నైట్ డ్యూటీ సిస్టర్

ఆ ఆరు నెలల నియమం మీద ప్రపంచమంతా వాదన నడుస్తూనే ఉంది. మందులకు లొంగని హెపటైటిస్ ఉన్న 26 మందిని ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు ఆగకుండా మార్పిడికి తీసుకుని 2011లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలకు వాళ్ళలో 77 శాతం బతికున్నారు, మార్పిడి జరగని అలాంటివాళ్ళలో 23 శాతం. అప్పటి నుంచి చాలాచోట్ల పట్టు సడలింది. కానీ ఆ 26 మందినీ ఊరికే తీసుకోలేదు. ఇంట్లోవాళ్ళ అండ గట్టిగా ఉందా అని కూడా చూశారు. ఇంట్లో రోజూ సీసా తెరుచుకుంటే ఆ ప్రశ్నకు ఏం చెబుతారు?

కరీంనగర్ అక్క

మార్పిడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మొదట దాచాను. అవసరమైతే దాత ఎవరని ఆస్పత్రిలో అడిగారు. బాపు వయసు దాటిపోయింది. అమ్మకు షుగరు. మిగిలింది నేను. జీవన్‌దాన్‌లో చనిపోయినవాళ్ళ అవయవాల కోసం పేరు రాయించినా మన వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. నా లివర్‌లో ముక్క ఇస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుందట. "ఇచ్చినంక మళ్ళ తాగితే?" అని మా అత్తమ్మ అడిగింది. ఆ మాటకు నాకు జవాబు లేదు. అప్పటినుంచే రాత్రిళ్ళు నిద్ర పట్టక ఇక్కడ ఈ ప్రశ్న రాశాను.

నిన్న రాత్రి ఏడున్నరకు ముందే బాపు పక్కన కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాను. మాస్టారి అన్నగారి సంగతీ, సోడా మూత చప్పుడు సంగతీ. బాపు ఏమీ అనలేదు. ల్యాబ్ అన్న వేసిన లెక్క మళ్ళీ చదవమన్నారు. 5.8 అనగానే తన రిపోర్టు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ప్లేట్‌లెట్ల అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత అమ్మను పిలిచి, సీసా తీసుకుని పెరట్లో బాయికాడికి పోయి తాగొచ్చారు. తమ్ముడి గదికి అటు కిటికీ లేదు.

తిరిగొచ్చి అడిగారు, "నాకు, వానికి ఒక్క డాక్టరేనా?"

సోమవారానికి ఇద్దరికీ టోకెన్లు తీసుకున్నాను. అప్పటిదాకా బాపును సొంతంగా ఆపొద్దని చెప్పాను. సిస్టర్, ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్తున్నాను. ఇంకేమైనా తీసుకెళ్ళాలా?

నైట్ డ్యూటీ సిస్టర్

ఇద్దరి పాత రిపోర్టులూ తీసుకెళ్ళండి, తమ్ముడి డిశ్చార్జ్ సమ్మరీ తప్పకుండా. ఆ పసరు ఏ ఆకుదో తెలిస్తే అదీ చెప్పండి, కొన్ని ఆకుమందులు కూడా లివర్‌ను దెబ్బతీస్తాయి. బాపుగారు చివరిసారి ఎన్నింటికి, ఎంత తాగారో కాగితం మీద రాసుకోండి. ఆదివారం రాత్రి తాగారని చెప్పడానికి ఆయన మొహమాటపడతారు, మీరు చెప్పేయండి.