విసురువల గుళ్లకి ఏ సీసం మంచిది?

కోనసీమలో మా నాన్నగారి విసురువలకి అంచు గుళ్లన్నీ (వల నీళ్లలో మునగడానికి అంచు తాడుకి నొక్కే సీసం బరువులు) మార్చాలి. ఈసారి ఇంటి దగ్గరే పోత పోద్దామనుకుంటున్నాం. చేతిలో రెండు రకాల సీసం ఉంది, ఏది వాడాలో తేలడం లేదు.

ఒకటి పాత టెలిఫోన్ కేబుల్ మీది తొడుగు. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. తాడు చుట్టూ నొక్కితే చక్కగా మూసుకుంటుంది గానీ, కాలువ అడుగున రాళ్లకి తగిలి తొందరగా అరిగిపోదా? రెండోది కారు చక్రాలకి బిగించే బ్యాలెన్సింగ్ బరువులు. వాటిలో యాంటిమనీ అనే లోహం కలుస్తుంది కాబట్టి గట్టిగా ఉంటాయి, నొక్కేటప్పుడు చీలతాయేమోనని భయం. రెండూ కలిపి పోసినవాళ్లున్నారా? ఎంత పాళ్లలో?

ఆ బరువుల్లో జింకువి కూడా ఉంటాయి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, జింకుకి 419 కావాలి. మంట తగ్గించి, కరగకుండా పైకి తేలినవి తీసేస్తే సరిపోతుందా, ముందే ఏరేయాలా?

పాత బ్యాటరీ ప్లేట్లు కరిగించమని దయచేసి చెప్పకండి. ఆ పొగ విషం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. కరిగించేది ఆరుబయటే, వంటకి వాడని గిన్నెలోనే.

ఇంకో టెన్షన్ అచ్చు గురించి. తడి ఉంటే సీసం చిమ్ముతుందని తెలుసు. మట్టి అచ్చు పూర్తిగా ఆరిందని మీరెలా గుర్తుపడతారు?