సిగరెట్ మానమంటే వేదాంతం చెప్పే అన్నయ్యకు ఏమని జవాబివ్వాలి?

మా అన్నయ్యకు 40 ఏళ్లు. రోజుకు 10 సిగరెట్లు. మానమంటే, "తాగనివాళ్లందరూ చిరంజీవులా? ఏ గడియ ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?" అంటాడు. 1951లో బ్రిటన్ వైద్యులపై మొదలై యాభై ఏళ్లు సాగిన అధ్యయనం గురించి చెప్పాను. పొగ మాననివారు సగటున సుమారు 10 ఏళ్ల ఆయుష్షు కోల్పోయారు. 40కి మానేసినవారు అందులో దాదాపు 9 ఏళ్లు దక్కించుకున్నారు. "సగటుతో నాకేం పని? నేను ఒక్కడినే కదా!" అన్నాడు. (ఆ మాటకు నాకే నవ్వొచ్చింది, అదే చిక్కు.) అసలు నా భయం చావు గురించి కాదు, దానికి ముందు ఆయాసంతో మెట్లెక్కలేక గడిపే ఏళ్ల గురించి. ఇలాంటి వాదనాపరుడితో మాన్పించినవారు ఉన్నారా? ఏ మాట పనిచేసింది? లేక వాదన కట్టిపెట్టి నికోటిన్ చూయింగ్ గమ్ చేతిలో పెట్టమంటారా?