ట్రెక్కింగ్‌కి దిక్సూచి కొనాలా, ఫోన్ చాలదా?

కొండెక్కుదాం:
మా గ్యాంగ్‌లో వారం నుంచి ఒకటే గొడవ, ఇక్కడైనా తేల్చండి. చలికాలంలో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠకి వెళ్తున్నాం, ఆలోపు కాళ్లు అలవాటు పడాలని మన తూర్పు కనుమల్లో చిన్న చిన్న నడకలు పెట్టుకున్నాం. దిక్సూచి లేకుండా కొండెక్కడం బుద్ధి తక్కువ పని అని ఒకడు, ఈ రోజుల్లో అది మెడలో వేసుకుని ఫొటోలు దిగడానికి తప్ప దేనికీ పనికిరాదని ఇంకొకడు. ఆన్‌లైన్‌లో చూస్తే ఆకుపచ్చ రంగులో మూత ఉన్న మిలిటరీ మోడల్ మూడు వందలకే కనిపిస్తోంది, పక్కనే పారదర్శకమైన ప్లాస్టిక్ పలకవి వేలల్లో ఉన్నాయి. అసలు కొనాలా? కొంటే ఏది?

ఆఫ్‌లైన్ మ్యాప్:
కొనకు బ్రో, ఆ డబ్బుతో మంచి పవర్ బ్యాంక్ కొనుక్కో. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు, తప్పు. అది ఉపగ్రహాల నుంచి వచ్చేది, టవర్‌తో పనిలేదు. బయల్దేరే ముందు మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు, చుక్క కొన్ని మీటర్ల తేడాతో నువ్వున్న చోటు చూపిస్తుంది. దిక్సూచి ఉత్తరం ఎటో చెప్తుంది అంతే, నువ్వు ఎక్కడున్నావో చెప్పదు. దారి తప్పినవాడికి కావలసింది ఆ రెండోది.

పాత ఎన్‌సీసీ:
మాట బాగానే ఉంది తమ్ముడూ, సగమే ఉంది. చుక్క ఎక్కడుందో తెలిసింది, మరి ఎటు నడవాలి? నువ్వు కదలకుండా నిలబడితే జీపీఎస్‌కి నీ ముఖం ఎటుందో తెలియదు, మ్యాప్‌లో చుక్క ముందు విసనకర్రలా కనిపించే ఆ నీలం వెలుగు ఫోన్‌లో ఉండే చిన్న అయస్కాంత సెన్సర్ నుంచి వస్తుంది. అంటే నీ చేతిలో ఉన్నదీ దిక్సూచే, కాకపోతే నాసిరకంది! అయస్కాంతం మూత ఉన్న ఫ్లిప్ కవర్ వేసి చూడు, ఆ వెలుగు వెడల్పయిపోయి తూర్పుకీ పడమరకీ ఊగుతూ ఉంటుంది. ఇక తుంబురు తీర్థం లాంటి చోట్ల, రెండు పక్కలా గోడల్లా కొండ లేచి పైన చీలికంత ఆకాశమే కనిపించే లోయలో, ఉపగ్రహాల సంకేతం రాళ్లకి తగిలి వంకరగా వస్తుంది, చుక్క అవతలి గట్టు మీద కూర్చుంటుంది.

నేను కొనమనే అంటాను. మిలిటరీ మోడల్ మాత్రం వద్దు. అసలైన లెన్సాటిక్ (ఆ మూత మోడల్ పేరు అదే) మంచిదే కానీ మూడు వందలకి వచ్చేది దాని బొమ్మ, మూతలో వెంట్రుకంత తీగ వంకరగా ఉంటుంది, డయల్ లోపల రాసుకుంటుంది. బేస్‌ప్లేట్ తీసుకో, అదే నువ్వు చూసిన పారదర్శకమైన పలకది. స్వీడన్ సిల్వా వాళ్లు 1930లలో తెచ్చిన పద్ధతి అది, మ్యాప్ మీద పెట్టి వాడడానికే పుట్టింది.

ఆఫ్‌లైన్ మ్యాప్:
కవర్ తీసేస్తే పోయేదానికి వేలు పెట్టమంటారా సార్?

రాళ్లబ్యాగు:
జియాలజీ వాడిని, మా జియాలజిస్టులు వాడే బ్రంటన్ కంపాస్ నడుముకి కట్టుకుని తిరగడమే నా ఉద్యోగం కాబట్టి రెండు ముక్కలు. ఫోన్ కంపాస్‌ని తిట్టేవాళ్లు అసలు కంపాస్‌ని కూడా అంత గుడ్డిగా నమ్మకూడదు. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల్లో మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం ఉన్న ఇనుప రాయి ఉంది, అలాంటి చోట సూది ఎటు చూపినా ఆశ్చర్యం లేదు. దీనికి సివిల్ డిప్లొమాలో ప్రిస్మాటిక్ కంపాస్ సర్వే చేసినవాళ్లందరికీ తెలిసిన మందు ఒకటుంది. ఇక్కణ్నుంచి ఆ చెట్టుకి బేరింగ్ (ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీలో) చూడు, చెట్టు దగ్గరకి వెళ్లి వెనక్కి చూడు, రెండింటికీ తేడా సరిగ్గా 180 డిగ్రీలు రావాలి. రాలేదా, రెండు చోట్లలో ఏదో ఒకచోట ఇనుము లాగుతోంది. (వాస్తు చూసేవాళ్లు ఇనుప గేటు పక్కన నిలబడి ఫోన్‌లో ఈశాన్యం తేల్చేస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.)

ఇంకోటి, దిక్సూచినీ ఫోన్‌నీ ఒకే జేబులో పెట్టొద్దు. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, దాని పక్కనే ఎక్కువసేపు ఉంటే సూది ధ్రువాలే తారుమారు కావచ్చు, అప్పుడు ఎర్ర కొస నిశ్చింతగా దక్షిణం చూపిస్తుంది. ఊగిసలాడితే అనుమానం వస్తుంది, స్థిరంగా తప్పు చూపించేదాన్ని ఎవరు అనుమానిస్తారు? రోజూ పొద్దున పొడిచే సూర్యుడితో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది.

సియాటిల్ తుంపర:
ఇక్కడ అమెరికాలో వీకెండ్ అయితే కాస్కేడ్స్ కొండల్లో తిరిగే తెలుగు బ్యాచ్ మాది. డెక్లినేషన్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? మ్యాప్ ఉత్తరం వేరు, సూది ఉత్తరం వేరు. మా దగ్గర తేడా సుమారు 15 డిగ్రీలు తూర్పుకి, సరిచేసుకోకపోతే కిలోమీటరు నడిచేసరికి 260 మీటర్లు పక్కకి పోతాం. కాబట్టి డెక్లినేషన్ సెట్ చేసుకునే స్క్రూ ఉన్నదే కొనండి. నేను వచ్చేటప్పుడు ఇక్కణ్నుంచి ఒకటి తెచ్చివ్వగలను, పనిలో పనిగా టవర్ లేనిచోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ కూడా తీసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

పాత ఎన్‌సీసీ:
అయ్యా, రెండోది దయచేసి తేవద్దు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ మెసెంజర్ గానీ ఇండియాలో వాడడం నేరం, వాటితో దొరికిన విదేశీ ట్రెక్కర్లని ఎయిర్‌పోర్టుల్లో ఆపేసిన సందర్భాలున్నాయి. మీ దేశంలో ప్రాణం కాపాడే వస్తువు ఇక్కడ కేసు తెచ్చిపెడుతుంది.

అడవిగాలి:
స్క్రూ కోసం కూడా మనవాళ్లు డబ్బు తగలేయక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో డెక్లినేషన్ ఒకటి రెండు డిగ్రీలు దాటదు, ఒక డిగ్రీ అంటే కిలోమీటరుకి 17 మీటర్లు, అడవిలో ఒక పొద చుట్టి వస్తేనే అంత తేడా వస్తుంది.

మనకి అసలు ఇబ్బంది ఇంకొకటి, అమెరికాలో కొని తెచ్చేవాళ్లకి అది ముందుగా తెలియదు. అయస్కాంత క్షేత్రం అక్కడ బాగా నిటారుగా నేలలోకి దిగుతుంది, అందుకని సూది ఉత్తరపు కొస వాలకుండా దక్షిణం వైపు చిన్న బరువు పెడతారు. మనం అయస్కాంత భూమధ్యరేఖకి, అంటే ఆ క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే రేఖకి, దగ్గర. రాకెట్ ప్రయోగాలకి కేరళలో తుంబాని ఎంచుకున్నది కూడా ఆ రేఖ దగ్గరగా పోతుందనే. ఇక్కడ ఆ బరువు ఎక్కువైపోయి దక్షిణపు కొస కిందికి వాలుతుంది, అరచేయి కొంచెం వంగినా సూది పలకని రాసుకుంటూ ఆగిపోతుంది. కొనేటప్పుడు గ్లోబల్ నీడిల్ అని ఉందో లేదో చూడండి. సూంటో కంపెనీ వాటిలో మోడల్ పేరు చివర జీ అని ఉంటుంది, ఎన్‌హెచ్ అని ఉంటే ఉత్తరార్ధగోళానికి చేసినది. నా ఓటు ఎం-3 జీ లాంటిదానికి.

ఆఫ్‌లైన్ మ్యాప్:
మేడమ్, ఇంత కథ చెప్పారు, ఒప్పుకుంటా. కానీ నల్లమలలో చుట్టూ వెదురు, పది అడుగుల అవతల ఏముందో కనిపించదు. ఏ శిఖరానికి బేరింగ్ చూస్తారు? పుస్తకాల్లో రెండు కొండలకి గీతలు గీసి మనమున్న చోటు పట్టుకునే పద్ధతి అక్కడ ఎలా చేస్తారు?

అడవిగాలి:
చేయలేం. అందుకే అక్కడ అది కాదు, వేరే పని చేయించాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాప్ షీటులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, నీళ్లుండే వాగులు నీలంగా, ఎండిపోయేవి నల్లగా ఉంటాయి. మనం తిరిగి చేరాల్సింది వాగు మీద కాలిబాట దాటే చోటు అనుకోండి. దానికే గురిపెట్టి నడిస్తే వాగు తగిలాక ఎడమకి పోవాలా కుడికి పోవాలా తెలియదు. కావాలనే కొంచెం కుడికి గురిపెట్టాలి. వాగు తగలగానే కళ్లు మూసుకుని ఎడమకి తిరగడమే.

గురి ఎలా అంటే, పలక అంచుని మ్యాప్ మీద ఉన్నచోటు నుంచి పోవాల్సిన చోటికి ఆనించి, డయల్ లోపలి గీతలు మ్యాప్ ఉత్తరం గీతలకి సమాంతరంగా వచ్చేదాకా తిప్పాలి. తర్వాత పలక పొట్ట దగ్గర పట్టుకుని, డయల్‌ని ముట్టుకోకుండా మనం తిరగాలి, ఎర్ర సూది ఎర్ర బాణంలో కూర్చునేదాకా. అప్పుడు ఎదురుగా కనిపించే ఒక మద్దిచెట్టు ఎంచుకుని, కంపాస్ దించేసి, ఆ చెట్టు దగ్గరకి నడవాలి. అక్కడ మళ్లీ. సూదినే చూస్తూ నడిచేవాడు పక్కకి జారిపోతాడు, రాయి తట్టుకుంటాడు కూడా. పది అడుగులే కనిపిస్తే పది అడుగుల అవతలి వెదురు గుబురు, విసుగే, కానీ పనిచేస్తుంది.

నల్లమల అన్నారు కాబట్టి, అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం రెండూ పులుల అభయారణ్యాలు, అనుమతి లేకుండా దారి వదిలి లోపలికి పోవడం కుదరదు. ఇదంతా ఊరి పక్క గుట్ట మీద నేర్చుకోండి.

కొండెక్కుదాం:
మరి వాచీ ముల్లుని సూర్యుడి వైపు పెట్టి దక్షిణం పట్టుకోవచ్చంటారు కదా, ఫ్రీగా?

రాళ్లబ్యాగు:
అది చలిదేశాల చిట్కా. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, చిట్కా నమ్మితే తిరగబడుతుంది. మిగతా నెలల్లోనూ అంత పైన ఉండేవాడితో దిక్కు తేల్చడం కష్టం. ధ్రువ నక్షత్రం కూడా అక్కడ 17 డిగ్రీల ఎత్తే, మొదటి గుట్టకే దాక్కుంటుంది.

ఆఫ్‌లైన్ మ్యాప్:
సరే, కేదార్‌కంఠలో చలికి బ్యాటరీ పడిపోతుంది, గ్లవ్స్‌తో స్క్రీన్ పలకదు, అక్కడ కంపాస్ జేబులో ఉండడం న్యాయమే. కానీ ఎక్కడున్నానో తెలుసుకోవడానికి ముందు తీసేది ఫోనే, ఈ మాట మీద ఉంటా. కొని డబ్బాలో దాచుకునేవాళ్లే ఎక్కువమందిని చూశాను.

పాత ఎన్‌సీసీ:
ఎక్కడున్నావో ఫోన్ చూడు, ఎటు పోవాలో సూది చూడు, నాకేం అభ్యంతరం లేదు. గైడ్ ఉన్నాడు కదా అని బ్యాగు అడుగున మాత్రం పడేయొద్దు కొండెక్కుదాం, ప్రతి క్యాంపు దగ్గరా తీసి ఒకసారి చూసుకో. షాపులో కొంటే ఇనుప ర్యాకుల దగ్గర కాకుండా బయటకి తెచ్చి చూడు. లోపలి ద్రవంలో బుడగ ఉండకూడదు. సమంగా పట్టుకుని సూది ఆగాక, పక్కనుంచి ఇనుప తాళంచెవి చూపించి సూదిని లాగు, చెవి తీసేయగానే అది మళ్లీ అదే గీత మీదకి రావాలి. రెండు మూడుసార్లు చెయ్యి. ఒక్కసారి వేరేచోట ఆగినా ఇంకోటి తీయమను.