చర్చ: జాబ్ షాప్‌కు సిమ్యులేషన్ పెడితే షెడ్యూల్ నిలబడుతుందా?

జీడిమెట్ల ప్లానర్:
మాది జాబ్ షాప్, ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో రకం పని. ఎక్సెల్‌లో సోమవారం వేసిన షెడ్యూల్ బుధవారానికే తలకిందులవుతోంది. షాపును కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లలో అరీనా కొనాలా, ఫ్లెక్స్‌సిమ్ కొనాలా, సింపై చాలా? ఎన్ని నెలల డేటా కావాలి?

బాలానగర్ టూల్‌రూమ్:
సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. సెటప్ టైమ్, అంటే జాబ్ మారినప్పుడు మెషీన్‌ను సిద్ధం చేసే సమయం, ఎవరు రాస్తున్నారు? మా దగ్గర కార్డు మీద అన్నీ అరగంటే. దగ్గర నిలబడి చూస్తే డై మార్చడానికి ఒక్కోసారి రెండు గంటలు. తక్కువలో తక్కువ ఎంత, మామూలుగా ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని ఆపరేటర్‌నే అడిగి ట్రయాంగులర్ డిస్ట్రిబ్యూషన్ పెట్టండి, అంటే ప్రతి సెటప్‌కూ మోడల్ ఆ మూడు అంకెల పరిధిలోంచి ఒక టైమ్ తీసుకుంటుంది. సగటు ఒక్కటే పెడితే మళ్లీ ఎక్సెలే.

చర్లపల్లి ప్రొడక్షన్:
ఇవేవీ లేకుండానే నా సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు) 95 శాతం లోడ్‌లో నడుస్తున్నాయి. మెషీన్ ఖాళీగా ఉంటే ఈఎంఐ ఎవరు కడతారు?

క్యూ లెక్కలు:
95 అని గొప్పగా చెప్పకండి. జాబ్‌లు రావడం, ప్రాసెస్ టైమ్ రెండూ ఎక్స్‌పోనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ ప్రకారం, అంటే బాగా ఎగుడుదిగుడుగా, మారే ఒక్క మెషీన్‌కు లెక్క చూడండి. 80 శాతం లోడ్‌లో క్యూలో సగటు వెయిటింగ్ ప్రాసెస్ టైమ్‌కు 4 రెట్లు, 90లో 9, 95లో 19. డెలివరీ ఎప్పుడని కస్టమర్లు ఫోన్ చేయట్లేదా?

చర్లపల్లి ప్రొడక్షన్:
నా షాపులో జాబ్‌లు వాటంతట అవి రావు, నేనే రిలీజ్ చేస్తాను. క్లాసురూమ్ లెక్కలు ఇక్కడ చెప్పొద్దు.

క్యూ లెక్కలు:
అప్పుడు క్యూ మెషీన్ ముందు నుంచి మీ ఆర్డర్ బుక్‌లోకి మారుతుంది, అంతే. ఆర్డర్ ఇచ్చినవాడికి రెండూ ఒకటే. క్యూల లెక్కల మీద పనిచేసిన జాన్ లిటిల్ 1961లోనే నిరూపించాడు: సగటున లోపల ఉన్న జాబ్‌లు, జాబ్‌లు వచ్చే వేగాన్ని ఒక్కోటి లోపల ఉండే సమయంతో గుణించినంత. దీన్ని తప్పించుకునే షాపు లేదు. నేను చదివింది, చేసింది ఇదే పని.

చర్లపల్లి ప్రొడక్షన్:
చేస్తే ఒకరోజు వచ్చి నైట్ షిఫ్ట్ నడపండి!

పటాన్‌చెరు ఫార్మా:
గొడవ ఆపండన్నా. మా దగ్గర రియాక్టర్ (మందు తయారయ్యే పాత్ర) ఖాళీగానే కనిపిస్తుంది, కానీ క్లీనింగ్ తర్వాత లోపల తుడిచి తీసిన శాంపిల్‌కు క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ల్యాబ్ నుంచి స్వాబ్ రిపోర్టు వచ్చేదాకా ముట్టుకోకూడదు. కొత్త రియాక్టర్ కొనాలని మేనేజ్‌మెంట్ పట్టు. మోడల్‌లో అది కలిపినా అవుట్‌పుట్ పెరగలేదు, క్యూసీ ల్యాబ్‌లో ఒక మనిషిని కలిపితే పెరిగింది. మనిషినే తీసుకున్నాం, బ్యాచ్‌లు కదిలాయి.

బాలానగర్ టూల్‌రూమ్:
స్వాబ్ రిపోర్టుకు మీకు ఎంతసేపు పడుతుంది? మా తమ్ముడి ప్లాంటులో ఇదే తలనొప్పి.

జీడిమెట్ల ప్లానర్:
నా ప్రశ్న...

పటాన్‌చెరు ఫార్మా:
సింపై ఉచితం, పైథాన్ వస్తే దాంతోనే మొదలుపెట్టండి. రోజువారీ షెడ్యూల్ కోసమైతే మోడల్‌ను ఖాళీ షాపుతో మొదలుపెట్టొద్దు, ఈ ఉదయం ఏ మెషీన్ ముందు ఏ జాబ్ ఉందో అదే ఎక్కించండి. టూల్‌రూమ్ గారూ, స్వాబ్ సంగతి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ రాస్తాను.