గ్లూట్స్ (పిరుదుల కండరాలు) కోసం స్క్వాట్ చాలా, హిప్ థ్రస్ట్ కూడా వేయాలా?

కొత్తబార్:
మా జిమ్‌లో ఇద్దరు కోచ్‌లు, ఇద్దరివీ రెండు దారులు. ఒకాయన లోతుగా స్క్వాట్ చేస్తే చాలు, మిగతావి రీల్స్ కోసమే అంటారు. ఇంకొకావిడ హిప్ థ్రస్ట్ (వీపు బెంచీకి ఆనించి, తుంటి మీద బార్ పెట్టుకుని పైకెత్తడం) లేనిదే గ్లూట్స్ పెరగవంటారు. కాళ్ళకి వారంలో రెండు రోజులే కుదురుతుంది. ఏది వదిలేయను?

లోతు_స్క్వాట్:
థ్రస్ట్. కండరం బాగా సాగి ఉన్న చోట బరువు పడాలి, అది స్క్వాట్ అడుగున దొరుకుతుంది. 2019లో కుబో బృందం 10 వారాలు చేయించి కొలిచింది. పూర్తి స్క్వాట్ చేసినవాళ్ళకి గ్లూట్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన గ్లూటియస్ మాక్సిమస్ 6.7 శాతం పెరిగింది, సగంలో ఆపినవాళ్ళకి 2.2 శాతమే.

థ్రస్ట్_రాణి:
అందులో పోటీ లోతు స్క్వాట్‌కీ సగం స్క్వాట్‌కీ మధ్యండీ! థ్రస్ట్ ఊసే లేదు. స్క్వాట్‌లో పైకి లేచి నిలబడ్డాక గ్లూట్స్‌కి దాదాపు పని ఉండదు. థ్రస్ట్‌లో తుంటి పైకి లేచాక కూడా బరువు వదలదు. పైగా మోకాళ్ళు మడిచి ఉండడంతో హ్యామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండరాలు) పెద్దగా సాయపడలేవు, భారమంతా గ్లూట్స్ మీదే. ఇఎంజీ రీడింగులు చూడండి, థ్రస్ట్‌వే ఎక్కువ.

సందేహాల_స్వామి:
ఇఎంజీ కొలిచేది కండరంలోని విద్యుత్ సంకేతాన్ని. నెలల తర్వాత కండరం ఎంత పెరుగుతుందో అది చెప్పదు. సెట్ అయ్యాక వచ్చే మంట కూడా అంతే.

నేరుగా పోల్చిన పని ఒకటుంది, 2023లో ప్లాట్‌కిన్ బృందం చేసింది. బరువుల అలవాటు లేని కుర్రకారులో కొందరికి 9 వారాలు స్క్వాట్, కొందరికి థ్రస్ట్ ఇచ్చి ఎంఆర్ఐతో కొలిచారు. గ్లూటియస్ మాక్సిమస్ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా పెరిగింది. తొడల్లో మాత్రం స్క్వాట్‌దే పైచేయి. అందరూ కొత్తవాళ్ళే కాబట్టి ఏళ్ళుగా ఎత్తుతున్నవాళ్ళకి దీన్ని యథాతథంగా అంటగట్టలేం. అడిగినవారు కొత్తవారే కాబట్టి సరిపోతుంది.

లోతు_స్క్వాట్:
గ్లూట్స్ సమానం, తొడలు అదనం. అంటే నేనే గెలిచాను కదా బ్రో.

థ్రస్ట్_రాణి:
ఆ అదనం అందరికీ అక్కర్లేదు. తొడలు ముందే చేతులెత్తేసి సెట్ ఆగిపోయేవాళ్ళున్నారు, వాళ్ళ గ్లూట్స్‌లో ఇంకా సత్తువ మిగిలే ఉంటుంది. నడుము మీద బార్ భారం తట్టుకోలేనివాళ్ళూ ఉన్నారు.

పక్క_కండరం:
ఇద్దరూ మాక్సిమస్ దగ్గరే కొట్టుకుంటున్నారు. స్వామిగారు చెప్పిన అదే పరిశోధనలో గ్లూట్స్‌లోని మిగతా రెండు, మీడియస్, మినిమస్, రెండు గుంపుల్లోనూ పెద్దగా పెరగలేదు. ఒంటికాలి మీద నిలబడితే తుంటి రెండో వైపుకి ఒరిగిపోకుండా పట్టేది ఈ రెండే. వీటికి కాలు పక్కకి ఎత్తే వ్యాయామం విడిగా కావాలి, కేబుల్ మీదైనా, పక్కకి పడుకునైనా. కాళ్ళకి రబ్బరు బ్యాండ్ కట్టుకుని పక్కకి వేసే పీత నడకలు వార్మప్‌కి బాగుంటాయి. కానీ నెలల తరబడి అదే బ్యాండ్‌తో తిరిగితే ఏం లాభం? బరువు పెరగాలి కదా.

ఇంకోటి, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్ళు కాస్తే మడిచి, తుంటి దగ్గర వంగుతూ బార్ దించి లేవడం) ఎవరికీ గుర్తు రాలేదేం? సాగిన చోట బరువు కావాలంటే మోకాలికి అంత శ్రమ లేకుండా దొరికేది అందులోనే. వెనక కాలు బెంచీ మీద పెట్టి చేసే బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్‌లో ఛాతీ కాస్త ముందుకు వంచినా గ్లూట్స్ వాటా పెరుగుతుంది.

కొత్తబార్:
అయితే మొదటి రోజు స్క్వాట్, కాలు పక్కకి ఎత్తడం. రెండో రోజు రొమేనియన్, థ్రస్ట్. ఒక్కోటి మూడు సెట్లు. సరేనా?

సందేహాల_స్వామి:
సరే. ప్రతి సెట్‌నీ ఇంకో రెండు రెప్స్ వస్తాయేమో అనిపించే దాకా లాగండి. సునాయాసంగా పన్నెండు దాటుతుంటే ఇంకా బరువైన ప్లేటుకి మారండి.

థ్రస్ట్_రాణి:
రెండో రోజు థ్రస్టే ముందు.

లోతు_స్క్వాట్:
రొమేనియన్ ముందు! అలిసిపోయిన నడుముతో బార్ పట్టుకుని ఎవరు వంగుతారు?

థ్రస్ట్_రాణి:
థ్రస్ట్‌తో నడుము అలిసిందంటే తుంటి పైకి లేచాక నడుము విల్లులా వంచుతున్నారన్నమాట. గడ్డం లోపలికి, పక్కటెముకలు కిందికి పెట్టి చేసి చూసి మాట్లాడండి.